పాఠశాల గ్రంథాలయం – తాళంచెవి ఎవరి దగ్గర?
(అనకాపల్లిలో ఉపాధ్యాయుల, తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



శతవార్షికోత్సవాల సందర్భంగా పాఠశాల గ్రంథాలయాన్ని గూర్చి, అందులో నేటి యంత్రసాధనాల వాడకాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మును కోరారు. భవనాలను గూర్చి, వాటిని కట్టించిన మహనీయులను గూర్చి ఇతర వక్తలు చెబుతారు. మేము ఒక బీరువాను గూర్చి, దాని తాళంచెవిని గూర్చి మనవి చేయదలచాము.

ముందుగా మా తప్పు మేము ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా సంఘస్థులు కానుకలు పోగుచేసి, 6, 7, 8 తరగతుల పిల్లలు చదువుకునే ఒక పాఠశాలకు రెండు కంప్యూటర్లు ఇచ్చారు. రిబ్బను కత్తిరించాము, ఫోటోలు దిగాము. ఇక పిల్లలకు లోకజ్ఞానమంతా అరచేతిలోకి వచ్చినట్టేనని ఆనాటి ప్రార్థనలో సైతం చెప్పాము. మరుసటి ఏడు వెళ్లి చూస్తే ఆ కంప్యూటర్లకు పువ్వుల గుడ్డతో చక్కని గలీబులు కుట్టి తొడిగారు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. గదికి తాళం. ఆ గదిలోనే ఒక ఇనుప బీరువా, దానికి మరో తాళం. తీయించి చూస్తే నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం బొమ్మల పుస్తకాలు, కొత్త కాగితం వాసన పోకుండా వరుసగా నిలబడి ఉన్నాయి. ఇష్యూ రిజిస్టరులో మొదటి పేజీ కూడా నిండలేదు.

ఆ ఉపాధ్యాయుడు మంచివాడు. “ఒక్క పుస్తకం పోయినా లెక్క చెప్పవలసింది నేనేనండి, అందుకే ఇవ్వను” అన్నాడు. మేము ఆయనను ఏమనగలం? గ్రంథాలయానికని వేరే మనిషి లేడు. లెక్కల పాఠాలూ ఆయనే చెప్పాలి, భోజన పథకం లెక్కలూ ఆయనే రాయాలి, తాళంచెవీ ఆయనదే. పుస్తకం పోతే దండన ఉన్నది గాని, పుస్తకం ఎవరూ చదవకపోతే ఎవరికీ దండన లేదు. గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ గారు 1931లోనే, పుస్తకం ఉన్నది వాడుకొనేందుకే అన్న మాటను మొదటి సూత్రంగా పెట్టారు. ఇంత తేలికైన సంగతిని మొదటి సూత్రంగా ఎందుకు పెట్టారా అని కళాశాల రోజుల్లో అనుకునేవారము. ఆ బీరువా చూశాక అర్థమైంది.

ఆ రోజుల్లోనే బెల్లం మార్కెట్టులో కళాసీగా పనిచేసే ఒక తండ్రి మా యింటికి వచ్చాడు. “అయ్యగారూ, మా గుంటడు ఏడో తరగతండి. తూకం సీటీ సదవరా అంటే నేలసూపులు సూత్తన్నాడు. బడికెల్తే ఏటి నేర్పుతన్నారో మీరే అడగాల” అన్నాడు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు బాధించింది. తండ్రి చదువుకోలేదు, తూకం చీటీలో ఎంత రాస్తే అంతే. కొడుకు చదివి చెబుతాడన్న ఆశ ఒక్కటే అతనికున్నది. ఇది మన ఊరి సంగతి మాత్రమే అనుకోవద్దు. దేశంలోని గ్రామీణ ప్రాంతాలలో ‘అసర్’ సర్వేవారు పరీక్షించగా, 2024లో 5వ తరగతి పిల్లలలో 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు నూటికి 49 మంది. అంటే తక్కిన సగంమంది చదవడం రాకుండానే మన మాధ్యమిక తరగతుల గడప తొక్కుతున్నారన్నమాట. ఇటువంటి పిల్లవానికి బీరువా తాళం తీసి ఇచ్చినా ఏమి లాభం?

దీనికి జవాబు మాకు ఆరాధనలోనే దొరికింది. మా సంఘంలో ఒక ముసలమ్మగారున్నారు. ఆమె బడి ముఖం చూసి ఎరుగరు. అయినా కీర్తనల పుస్తకం తెరిచి, పాడుతూ ఒక్కొక్క మాట కింద వేలు జరుపుతారు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఆమెకు చిన్ననాటినుండి కంఠస్థం. పాట ముందు వచ్చింది, అక్షరం తరువాత పాట వెంట నడిచి వచ్చింది. అలా ఆమె చదువరి అయ్యారు. ఆ ఏడో తరగతి అబ్బాయికి మాత్రం పాటలు రావా? సినిమా పాటలు, ఊడ్పుల పాటలు గుక్క తిప్పుకోకుండా పాడతాడు.

అందుచేత ఒక శనివారం ప్రొజెక్టరు ఒకటి అరువు తెచ్చి, పిల్లలకు వచ్చిన పాటల మాటలనే గోడమీద పెద్ద అక్షరాలతో వేయించాము. పాట వినిపిస్తుంటే ఒక ఉపాధ్యాయురాలు కర్రతో మాట మాటకూ చూపించారు. పిల్లలు అరిచి పాడారు. అరిచినవారి కళ్లు కర్ర వెంట పోయాయి. ఇదేదో మేమే కనిపెట్టామని కొద్ది రోజులు గర్వపడ్డాము కూడా. తీరా విచారిస్తే అహమదాబాదులోని బ్రిజ్ కొఠారీ గారు ఈ ఆలోచనను 1996 నాటికే చేశారు, 1999లో గుజరాతు దూరదర్శన్‌లో గుజరాతీ పాటల కింద గుజరాతీ అక్షరాలనే వేయించారు. మంచిదే. ఇతరులు పరీక్షించిన మార్గంలో నడవడం మరింత క్షేమం.

యంత్రమంటే పుస్తకానికి శత్రువని భయపడే పెద్దలు ఈ సభలో ఉన్నారు. వారికొక సంగతి గుర్తుచేస్తాము. 1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, ఆగస్టస్ దెగ్రాంజెస్ గార్లు మన పక్కనున్న విశాఖపట్నం చేరారు. క్రాన్ గారు 1809లో, దెగ్రాంజెస్ గారు 1810లో కన్నుమూశారు. దెగ్రాంజెస్ గారు తెలుగు చేసిన సువార్తలు 1812లో దూరాన బెంగాలులోని సీరాంపూరులో అచ్చయ్యాయి. తాను అనువదించిన పుస్తకాన్ని అచ్చులో ఆయన చూడలేదు. ఆ ఏడే మార్చి 11న ఆ ముద్రణాలయంలో అగ్నిప్రమాదం జరిగి, అనేక భాషల అచ్చులు కరిగిపోయాయి. మళ్లీ పోతపోసుకున్నారు. అచ్చుయంత్రం ఆనాటికి కొత్త సాధనమే గదా! తరువాత 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా తిరిగారు. 1931లో తమిళ దేశపు మన్నారుగుడిలో పుస్తకాలు ఎడ్లబండి ఎక్కాయి. 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పుస్తకాల పడవ నడిచింది. పడవ రేవుకు వస్తే జనం పుస్తకం తీసుకొని ఇంటికి పోయేవారు గాని, పడవను చూస్తూ కూర్చోలేదు. మేము యంత్రాన్ని అడిగేది కూడా ఇంతే.

2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. అనేక తరగతి గదుల గోడలకు పెద్ద తెరలు వచ్చాయి. సంతోషమే. కాని అదే ‘అసర్’ సర్వే ప్రకారం, సెల్‌ఫోను వాడడం వచ్చిన 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లలలో అంతకుముందు వారంలో దానిని చదువుకొరకు వాడినవారు నూటికి 57 మంది, సామాజిక మాధ్యమాలకొరకు వాడినవారు 76 మంది. పిల్లలను తప్పుపట్టే ముందు మన చేతిలోని ఫోనును మనం చూసుకోవాలి. పాస్టర్లకు మినహాయింపు లేదు.

ఇప్పుడు మేము చేస్తున్నది చెబుతాము. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్థాపించిన స్టోరీవీవర్ అనే చోట తెలుగు కథలు ఉచితంగా దొరుకుతున్నాయి, చదివే శక్తినిబట్టి నాలుగు మెట్లుగా విభజించి ఉన్నాయి. ముందు తెరమీద అందరం కలిసి చదువుతాము. తరువాత అదే కథను కాగితం మీద తీయించి, కుట్టి, ఇంటికి ఇస్తాము. ఇంటికి ఇవ్వడమే ముఖ్యం. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఏడో తరగతి అబ్బాయి మొదటి మెట్టు పుస్తకం పట్టుకోవడానికి సిగ్గుపడ్డాడు, తోటివారు నవ్వారు. ఆ ఉపాధ్యాయురాలు తెలివైనవారు. “ఇది నీకు కాదు నాయనా, మీ చెల్లికి చదివి వినిపించడానికి” అన్నారు. చెల్లికి వినిపించాలంటే తాను ముందు రెండుసార్లు చదువుకోవాలి గదా! నెల తిరిగేసరికి తరగతిలో సగంమందికి చెల్లెళ్లూ తమ్ముళ్లూ పుట్టుకొచ్చారు, లేనివారికి కూడా.

ఆ కళాసీ గారి అబ్బాయికి ఇంకా వత్తుల దగ్గర తడబాటు ఉన్నది. మొన్న తూకం చీటీలో షావుకారు పేరు తప్పు చదివాడట. బరువు మాత్రం సరిగా చదివాడని తండ్రే మార్కెట్టు వీధిలో మమ్మల్ని ఆపి చెప్పాడు.

పుస్తకాలు పోవా అంటే పోతాయి. చెరకు గానుగాడే రోజుల్లో తలిదండ్రుల వెంట పొలాలకు పోయిన పిల్లల సంచుల్లో కొన్ని పోయాయి. ఒకటి బెల్లం పాకం అంటి, పేజీలు అతుక్కొని తిరిగివచ్చింది. అందుకని ఏ ఉపాధ్యాయుడూ తన చేతి డబ్బు పెట్టుకోకుండా, పోయిన పుస్తకాల ఖర్చు సంఘమే భరించునట్లు తీర్మానం చేశాము. శతవార్షిక నిధినుండి కొత్త యంత్రాలు కొనమని కొందరు సూచిస్తున్నారు. మా మనవి వేరు. ఉన్న తెరలు చాలు. ముందుగా ఈ పద్దుకు కొంత, కాగితానికి కొంత, సాయంత్రం గది తెరిచి కూర్చునే మనిషికి కొంత కేటాయించండి. మరొక మాట. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం మనమందరం కడుతున్నాము. కట్టిన సొమ్ముకైనా పిల్లలను వెంటబెట్టుకొని ఊరి గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరండి.

ప్రతి శనివారం మధ్యాహ్నం 3 గంటలనుండి 5 గంటల వరకు పాఠశాల గది తెరిచి ఉంటుంది. పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చొని వినడానికి పెద్దలు కావాలి. చదువు వచ్చినవారే రావాలని నియమం లేదు. ఇష్టమున్నవారు సభ ముగిశాక సంఘ కార్యదర్శిగారి వద్ద పేరు రాయించండి. తాళంచెవి ఈ వారం మా వద్దనే ఉన్నది. వచ్చే వారానికి ఎవరు తీసుకుంటారో చెప్పండి.