మాత్ర మింగినా దిగని రక్తపోటు

(మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సమావేశాలలో ఉపకార వేతనాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉద్యోగాలు చర్చకు వస్తుంటాయి. రావలసిన విషయాలే అవి. నేడు మేము మీ ముందుంచదలచిన విషయం మాత్రం ప్రతి ఇంటిలోనూ ఉండి, ఏ సభలోనూ వినిపించనిది. మేము వెళ్ళిన ప్రతి బస్తీలోనూ ఒకే మాట వింటున్నాము: “మధుమేహం లేదు, గుండెజబ్బు లేదు, ఒళ్ళు బాగానే ఉంది. రెండు మాత్రలు, మూడు మాత్రలు వేసుకుంటున్నాము. బీపీ మాత్రం దిగడం లేదు.” ఈ మాట చెప్పేవారికి సాధారణంగా రెండు సమాధానాలు దొరుకుతున్నాయి. ఒకటి, ఇంకొక మాత్ర. రెండు, “టెన్షన్ తగ్గించుకోండి” అనే సలహా. ఆ రెండింటికీ ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని క్రమం తప్పకుండా అడిగించుకోవడం రోగి హక్కు. ఈ ప్రసంగ సారాంశమంతా అదే.

ముందుగా ఈ వ్యాధి విస్తృతిని గమనిద్దాము. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో వయోజనులలో 35.5 శాతం మందికి, అంటే సుమారు 31.5 కోట్ల మందికి, అధిక రక్తపోటు ఉంది. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో ఈ వ్యాధి ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురికి తగిన చికిత్స అందడం లేదు. కనుక బీపీ దిగనివారు తమను ఒంటరివారిగా, దోషులుగా భావించుకోనక్కరలేదు.

వైద్యశాస్త్రంలో మందులకు లొంగని రక్తపోటుకు కచ్చితమైన నిర్వచనం ఉంది. మూడు వేర్వేరు తరగతుల మందులను, అందులో మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర ఒకటి ఉండేటట్లు, తగిన మోతాదులో క్రమంగా వాడుతున్నా రక్తపోటు లక్ష్యానికి దిగకపోతేనే దానికి ఆ పేరు. ఈ కొలతతో చూస్తే, దిగడం లేదని బాధపడేవారిలో అనేకులకు ఉన్నది నిజమైన మొండి రక్తపోటు కాదు. ఎక్కడో ఒక మెలిక ఉంది. ఆ మెలికను వెదకడానికి ఐదు ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: కొలిచిన తీరు సరైనదేనా?

ఎండలో నడిచివచ్చి, వరుసలో నిలబడి, కూర్చున్న మరుక్షణమే మాట్లాడుతూ చేయి చాపితే వచ్చే అంకె మన రక్తపోటు కాదు. ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. వీపుకు ఆనుడు ఉండాలి. పాదాలు నేలమీద ఆనాలి. మూత్రవిసర్జన ముందే చేసి రావాలి. చేయి గుండె ఎత్తులో బల్లపై ఆనాలి. చేయి ఒడిలో పెట్టుకుంటే పై అంకె సుమారు 4, పక్కన వేలాడదీస్తే 6 నుండి 7 పాయింట్లు అధికంగా కనిపిస్తుందని 2024లో అమెరికా పరిశోధకులు తేల్చారు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే తేడా ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మన సోదరీమణులకు సంబంధించిన ఒక ముఖ్య విషయం ఉంది. పట్టీని బట్టలపై చుట్టరాదు. బుర్ఖా చేతిమీదుగానో, కుర్తా చేతిమీదుగానో చుట్టి కొలిస్తే అంకె తప్పుగా వస్తుంది. బిగుతు చేతిని పైకి మడిచి చుట్టినా తప్పే. నలుగురి మధ్య చేయి చూపలేక మన స్త్రీలు బట్టలపైనే కొలిపించుకుంటున్నారు, ఆ తప్పుడు అంకెను బట్టి మందులు పెరుగుతున్నాయి. దీనికి పరిష్కారం ఒక తెర, ఒక మహిళా సిబ్బంది. ఇది ఎవరి దయాధర్మమూ కాదు. సరైన వైద్యానికి కనీస షరతు. ప్రతి ఆరోగ్య కేంద్రంలో దీనిని మనం అడగాలి.

ఆసుపత్రి వాతావరణానికే కొందరి రక్తపోటు పెరుగుతుంది. అందుకే ఇంటి కొలతలకు విలువ ఎక్కువ. భుజానికి చుట్టే యంత్రంతో వారం రోజులపాటు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు కొలిచి వ్రాసుకొని, మొదటి రోజు అంకెలు వదిలి సగటు చూడాలి. ఆసుపత్రిలో హద్దు 140/90 అయితే ఇంటిలో 135/85.

రెండవ ప్రశ్న: మాత్ర నిజంగా ప్రతిరోజూ లోపలికి వెళుతున్నదా?

ఈ ప్రశ్నను నేరం మోపినట్లు అడగరాదు, అడిగినప్పుడు దాచనూరాదు. తలనొప్పి వస్తేనే వేసుకునేవారు, అంకె బాగుందని మానేసేవారు, నెలాఖరున డబ్బు లేక ఒక మాత్రను రెండు రోజులకు సర్దేవారు మన మధ్య ఉన్నారు. ఎమ్లోడిపిన్ వలన కాళ్ళు వాస్తే చెప్పకుండా ఆపేసేవారున్నారు. అటువంటప్పుడు వైద్యునికి చెబితే మందు మార్చగలరు. చెప్పకపోతే ఆయన మోతాదు పెంచుతారు.

రమజాన్ మాసంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం. రోజా పేరుతో నెల రోజులు మాత్రలు ఆపివేయడం ప్రమాదకరం. రోజుకు ఒక్కసారి వేసే మాత్రలను ఇఫ్తార్ లేదా సహరీ వేళకు మార్చుకోవచ్చు. మూత్రం పోయించే మాత్ర వాడేవారు మాసానికి ముందే వైద్యునితో మాట్లాడి వేళ నిర్ణయించుకోవాలి. వ్యాధిగ్రస్తునికి ధర్మం ఇచ్చిన సడలింపును మన ఇమాములు జుమా ప్రసంగంలో వివరిస్తే ఎందరికో మేలు జరుగుతుంది.

మూడవ ప్రశ్న: బీపీ మాత్రతోపాటు ఇంకేమి మింగుతున్నాము?

మేడ్చల్ పారిశ్రామికవాడలో బరువులు మోసేవారు, గ్యారేజీలలో వంగి పనిచేసేవారు, రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చునేవారు, ఔటర్ రింగ్ రోడ్డుపై వాహనాలు నడిపేవారు మన సముదాయంలో ఎందరో ఉన్నారు. వారి జేబులో నొప్పి మాత్ర ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ఒంటిలో ఉప్పును, నీటిని నిలిపివేస్తాయి. బీపీ మందు దించుతున్నదానిని అవి ఎక్కిస్తాయి. టెల్మిసార్టన్ వంటి మందు, మూత్రం పోయించే మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆర్ఎంపీలు నొప్పులకు, ఆయాసానికి ఇచ్చే స్టెరాయిడ్లు, ముక్కు దిబ్బడ తగ్గించే జలుబు మాత్రలు, కొన్ని గర్భనిరోధక మాత్రలు కూడా ఈ కోవలోనివే.

మరొకటి మన ఇళ్ళలో తరచు కనిపించేది: ములేఠీ, తెలుగులో అతిమధురం. దగ్గుకూ గొంతుకూ యునానీ, ఆయుర్వేద మందులలో వాడుతారు. దానిని చాలా రోజులు అధికంగా తీసుకుంటే రక్తపోటు పెరిగి, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. యునానీ వైద్యం మన వారసత్వం, దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. హకీంగారికి బీపీ సంగతి, డాక్టరుగారికి మాజూన్ సంగతి తెలియాలి. అంతే. మీరు తీసుకునే ప్రతిదానినీ ఒక సంచిలో వేసి వైద్యుని బల్లపై పెట్టండి.

నాలుగవ ప్రశ్న: ఉప్పు ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించరాదు. కూరలో ఉప్పు తగ్గించామని చాలామంది అంటారు. అన్నం వండే నీటిలో ఉప్పు, పచ్చడి, పాపడ్, మిక్చర్, బేకరీ ఖారా బిస్కెట్లు, హలీమ్, నిహారీ, ఇఫ్తార్ సమోసా లెక్కలోకి రావు. మందులకు లొంగనివారిలో ఉప్పు ప్రభావం మరింత బలంగా ఉంటుంది. పొటాషియం కలిపిన ఉప్పు అందరికీ తగదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు, టెల్మిసార్టన్ తరగతి మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దానిని వాడరాదు.

ఐదవ ప్రశ్న: లోపల దాగిన కారణం ఉన్నదా?

పై నాలుగూ సరిచూసిన తరువాత కూడా మూడు మందులకు లొంగకపోతే, పరీక్షలు అవసరం. పైకి ఆరోగ్యంగా కనిపించేవారి విషయంలో ఈ ప్రశ్ననే ఎక్కువగా విస్మరిస్తున్నారు. మూత్రపిండాల పైన టోపీవలె ఉండే అడ్రినల్ గ్రంథి ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును అధికంగా స్రవిస్తే ఒంటిలో ఉప్పు నిలిచి రక్తపోటు దిగదు. 1955లో అమెరికన్ వైద్యుడు జెరోమ్ కాన్ దీనిని వర్ణించారు. చాలాకాలం అరుదైన జబ్బుగా భావించారు. మందులకు లొంగని రక్తపోటు ఉన్నవారిలో సుమారు ఐదింట ఒకరికి ఇదే కారణమని తరువాతి అధ్యయనాలు చూపాయి. రెనిన్, ఆల్డోస్టిరోన్ రక్తపరీక్షతో దీని ఆనవాలు తెలుస్తుంది. పొటాషియం మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండవచ్చు. కొందరికి శస్త్రచికిత్స, కొందరికి స్పైరనోలాక్టోన్ మాత్ర దారి చూపుతాయి. అసలు కారణం ఏదీ దొరకని మొండి రక్తపోటులో కూడా నాలుగవ మందుగా స్పైరనోలాక్టోన్ మిగిలినవాటికంటె బాగా పనిచేస్తుందని 2015లో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగం నిరూపించింది. వైద్యుని పర్యవేక్షణ, పొటాషియం పరీక్ష లేకుండా దానిని వాడరాదు.

గట్టిగా గురకపెట్టి, నిద్రలో శ్వాస ఆగి, పగలంతా తూగేవారికి ఆ నిద్రవ్యాధే కారణం కావచ్చు. మూత్రపిండాల వ్యాధి, వాటికి రక్తం తెచ్చే నాళం ఇరుకవడం, థైరాయిడ్ లోపాలు కూడా కారణాలే. ముప్పై ఏళ్ళలోపు వారికి అధిక రక్తపోటు వస్తే “వయసులో ఉన్నాడు, టెన్షన్” అని వదలక, ఈ పరీక్షలు చేయించాలి. గర్భం ధరించే అవకాశం ఉన్న సోదరీమణులు ఆ సంగతి ముందే చెప్పాలి. టెల్మిసార్టన్ తరగతి మందులు గర్భిణులకు నిషిద్ధం.

సోదరులారా! ఈ ఐదు ప్రశ్నలకూ హక్కులకూ ఏమి సంబంధమని కొందరు అడగవచ్చు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక మనవారిలో స్వయం ఉపాధి, అసంఘటిత పనుల వాటా ఎక్కువని చూపింది. తెలంగాణలో మన స్థితిగతులపై సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. రోజుకూలి మనిషికి ఆసుపత్రిలో గడిపిన పూట అంటే పోయిన కూలి. మూడు నిమిషాల పరీక్షలో ఐదు ప్రశ్నలకు చోటుండదు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి పెద్ద చికిత్సలకు ఉద్దేశించినది. పక్షవాతం వచ్చి చేరిన తరువాత ఆదుకుంటుంది కాని, పక్షవాతం రాకుండా చూసే రోజువారీ మాత్ర సంగతి ఊరి ఆరోగ్య కేంద్రమే చూడాలి.

ఆ పని సాధ్యమేనని మన రాష్ట్రమే చూపింది. 2017 నవంబరులో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదటి ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందులోని సూత్రాలు సరళమైనవి: అందరికీ ఒకే చికిత్సా క్రమం, మందుల కొరత లేకుండా సరఫరా, సరైన కొలత యంత్రాలు, ఇంటికి దగ్గరలో మందులు, ప్రతి రోగి వివరాల నమోదు. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్య సమితి పురస్కారం లభించింది. ఆ సూత్రాలు మన బస్తీ దవాఖానాలో, పల్లె దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అమలవుతున్నాయా అని అడగవలసినవారము మనమే. షామీర్‌పేట మండలం తుర్కపల్లి వద్ద ప్రపంచానికి టీకాలు పంపే జీనోమ్ వ్యాలీ ఉంది. దాని నీడలో నివసించేవారికి సరైన సైజు పట్టీతో బీపీ కొలవడం అసాధ్యం కారాదు.

కనుక మేము నాలుగు కోరికలను వినతిపత్రంగా అందజేయాలని ప్రతిపాదిస్తున్నాము. ఒకటి, వారంలో కనీసం రెండు రోజులు సాయంత్రం బీపీ పరీక్ష, మందుల పంపిణీ. రెండు, స్త్రీలకు తెర, మహిళా సిబ్బంది, మూడు సైజుల పట్టీలు. మూడు, ఒకేసారి నెలకు సరిపడా మందులు, తెలుగులోనూ ఉర్దూలోనూ వాడే విధానం. నాలుగు, మూడు మందులకు లొంగనివారిని గాంధీ, ఉస్మానియా, నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులకు వ్రాతపూర్వకంగా పంపే ఏర్పాటు.

మస్జిద్ కమిటీలు తమవంతుగా ఒక మంచి యంత్రం కొని, పురుషులకూ స్త్రీలకూ వేర్వేరు వేళలలో కొలిచే ఏర్పాటు చేయవచ్చు. చదువుకున్న మన యువతీయువకులు ఒక్క పూటలో సరైన కొలత నేర్చుకోగలరు. వ్రాసిన అంకెలు రోగి చేతికే ఇవ్వాలి, ఊరిలో చెప్పుకోరాదు.

చివరిగా ఒక హెచ్చరిక. అంకె 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక పక్క చేయికాలు బలం తప్పడం, చూపు మసకబారడం వంటివి ఉంటే ఈ ప్రశ్నలకు వ్యవధి లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అటువంటి లక్షణాలు లేనివారు భయపడి మందులను స్వయంగా పెంచుకోరాదు, ఆపనూరాదు. వారం రోజుల అంకెలు, మందుల సంచి, ఈ ఐదు ప్రశ్నలు తీసుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. మన ఇళ్ళలోని పెద్దల మూత్రపిండాలు, గుండె, మాట, నడక ఆ ప్రశ్నల మీద ఆధారపడి ఉన్నాయి.