నాలుగో తరగతి యాంగిల్

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా ఉద్యోగం గురించి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పమన్నారు. నేను హైదరాబాదులో కూర్చుని, ఐరోపాలో కట్టే ఉక్కు కట్టడాలకు డిజైన్ చేస్తాను. రేకుల షెడ్లలో, టవర్లలో ఎల్ ఆకారంలో కనిపించే ఇనుమునే మేం యాంగిల్ అంటాం. దానికి రెండు రెక్కలు. పైనుంచి నొక్కితే, పలచటి రెక్క ముందే మడత పడవచ్చు. అందుకే యూరోకోడ్ 3 సెక్షన్లను నాలుగు తరగతులు చేసింది. అన్నిటికన్నా పలచనివి నాలుగో తరగతిలో పడతాయి.

100 × 100 × 8 మి.మీ. యాంగిల్, ఎస్275 ఉక్కు తీసుకుందాం. 2005 నాటి కోడ్, పట్టిక 5.2లో రెండు పరీక్షలున్నాయి. మూడో తరగతిలో నిలవాలంటే రెండూ నెగ్గాలి. రెక్క వెడల్పును మందంతో భాగిస్తే 15 ఎప్సిలాన్ దాటకూడదు. రెండు రెక్కల మొత్తాన్ని మందానికి రెట్టింపుతో భాగిస్తే 11.5 ఎప్సిలాన్ దాటకూడదు. ఎప్సిలాన్ అంటే 235ను ఉక్కు బలంతో భాగించి తీసిన వర్గమూలం. ఇక్కడ అది 0.92. రెండు లెక్కల్లోనూ మనకు వచ్చేది 12.5. మొదటి హద్దు 13.8, కాబట్టి నెగ్గింది. రెండో హద్దు 10.6, అక్కడ తప్పింది. తెర మీద ఎర్రగా 'క్లాస్ 4' అని పడుతుంది.

కొత్తగా చేరినవాళ్లు చాలామంది వెంటనే 8 తీసి 10 మి.మీ. పెడతారు. ఎరుపు పోతుంది. కానీ మీటరుకు 12.2 కిలోలున్నది 15 కిలోలవుతుంది. వెయ్యి మీటర్లకు 2.8 టన్నుల ఉక్కు అదనం. ఆ డబ్బు ఎవరో ఒకరు కట్టాలి.

నిజానికి కోడ్ అక్కడితో ఆగదు. నాలుగో తరగతి అయితే రెక్కలో ఎంత భాగం పనిచేస్తుందో 1993-1-5 భాగం ప్రకారం లెక్క కట్టమంటుంది. కడితే రెక్క సన్నదనం 0.73 వస్తుంది. 0.748 దాటితేనే కోత. అంటే ఈ యాంగిల్‌లో రెక్క మొత్తం పనిచేస్తుంది, కోత ఏమీ లేదు. కడ్డీ మొత్తం వంగుతుందా అన్న పరీక్ష వేరు, అది ఎలాగూ చేయాల్సిందే.

అదే యాంగిల్‌ను ఇంకా బలమైన ఎస్355 ఉక్కుతో చేస్తే 6 శాతం పైచిలుకు కోత పడుతుంది. విచిత్రంగా ఉందా? ఉక్కు బలం పెరిగిందని దాని మీద ఎక్కువ భారం మోపుతాం, రెక్క మందం మాత్రం అంతే ఉంటుంది. అక్కడ ఆ ఎరుపు నిజమైన హెచ్చరికే. రెండు చోట్లా తెర చూపించే మాట ఒక్కటే. తేడా తెలిసేది చేత్తో నాలుగు లైన్లు లెక్క వేసుకున్నప్పుడే. మన ఐఎస్ 800:2007 ప్రకారం, 250 ఉక్కుతో ఇదే యాంగిల్ సరిగ్గా హద్దు మీద నిలబడి గట్టెక్కుతుంది.

ఈ బడిలో మా లెక్కల మాస్టారు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేసేవారు కారు. "స్టెప్పులేవిరా?" అనేవారు. ఇప్పుడు మా ఆఫీసులో పిల్లల్ని నేనూ అదే అడుగుతున్నాను. ఏ తరగతో చెప్పడం పట్టిక పని, ఎంత మోయగలదో చూడటం మన పని. ఈ మాట గురువులకు నేను చెప్పాలా!