పార్కు పక్క రోడ్డు: ధర్నా చౌక్ కథ

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక పార్కు గురించి, ఆ పార్కు పక్కనున్న రోడ్డు గురించి మాట్లాడుకుందాం. పార్కు పేరు ఇందిరా పార్కు. రోడ్డు పేరు ధర్నా చౌక్. రెండూ హైదరాబాద్‌లో ఉన్నాయి.

మడకశిర వాళ్లకు, హిందూపురం వాళ్లకు హైదరాబాద్ పార్కుతో ఏం పని అని మీరు అడగొచ్చు. 2014 దాకా మన రాజధాని హైదరాబాదే కదా! నీళ్లు కావాలన్నా, జీతాలు పెంచమన్నా, ఫీజు బకాయిలు ఇవ్వమన్నా, రాత్రి బస్సెక్కి పొద్దున్నే అక్కడ దిగాల్సిందే. మీ ఇంట్లో అంగన్‌వాడీలోనో, యూనియన్‌లోనో పనిచేసిన పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. ఇందిరా పార్కు పేరు విననివాళ్లు తక్కువ.

ముందు పార్కు కథ. దోమలగూడలో, హుస్సేన్ సాగర్‌కు దగ్గర్లో సుమారు 76 ఎకరాల స్థలం. 1975 సెప్టెంబర్‌లో దానికి శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఆ నెల ఒకసారి గుర్తు పెట్టుకోండి. అంతకు మూడు నెలల ముందే, 1975 జూన్ 25 రాత్రి, దేశంలో ఎమర్జెన్సీ పెడుతూ సంతకం చేసింది కూడా ఆయనే. సభ పెట్టాలన్నా, పేపర్లో నాలుగు మాటలు రాయాలన్నా భయపడే రోజులవి. పార్కు పూర్తయి జనానికి తెరుచుకున్నది 1978లో. అప్పటికి ఎమర్జెన్సీ పోయింది, ప్రభుత్వమూ మారిపోయింది.

అంటే, నోరు విప్పడానికి వీల్లేని కాలంలో పునాది పడిన పార్కు అది. తర్వాత దాని పక్క రోడ్డే రాష్ట్రం మొత్తం వచ్చి నోరు విప్పే చోటు అయింది. ఇదెవరూ ప్లాన్ చేసింది కాదు, చరిత్రలో ఇట్లాంటివి జరుగుతుంటాయి.

చౌక్ అంటే నాలుగు రోడ్ల కూడలి అనుకుంటాం. ఇక్కడ విగ్రహమూ లేదు, పెద్ద మైదానమూ లేదు. పార్కు గోడ వెంబడి పోయే రోడ్డులో ఒక ముక్క, అంతే. రోడ్డు పక్కన టెంటు వేస్తారు, ఒక మైకు పెడతారు, వెనకాల బ్యానరు కడతారు. ఉద్యోగులు, టీచర్లు, నిరుద్యోగులు, రైతులు, తెలంగాణ ఉద్యమకారులు, అందరూ ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్లే. సచివాలయం, అసెంబ్లీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంటాయి. పేపర్ల వాళ్లు, టీవీల వాళ్లు తేలిగ్గా వస్తారు. ఊరి నుంచి వచ్చినవాళ్లు అడ్రస్ అడిగితే ఆటో డ్రైవరు కూడా చెప్పేస్తాడు. ఆ రోడ్డుకున్న విలువంతా ఇదే.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇక్కడ ధర్నాలు వద్దంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఇబ్బందిగా ఉంది, ట్రాఫిక్ ఆగిపోతోంది అని కారణం చెప్పింది. బదులుగా జవహర్‌నగర్, ప్రతాపసింగారం, గండిమైసమ్మ, శంషాబాద్ వైపు స్థలాలు చూపించింది. అవన్నీ నగరం అంచున ఉన్న చోట్లు.

న్యాయంగా మాట్లాడుకుందాం. కాలనీవాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైకు మోగుతుంటే ఇంట్లో చదువుకునే పిల్లలు ఏం కావాలి? గుండె జబ్బు ఉన్న పెద్దాయన సంగతేంటి? అంబులెన్స్ ఆగిపోతే బాధ్యత ఎవరిది? వాకింగ్‌కు వచ్చేవాళ్లకు కూడా ఆ పార్కు మీద హక్కుంది.

కానీ ఇంకో పక్క కూడా చూడండి. గండిమైసమ్మ దగ్గర టెంటు వేసుకుని, మా జీతాలు ఇవ్వండి అని అరిస్తే ఎవరికి వినపడాలి? ధర్నా అంటేనే వినాల్సినవాళ్లకు వినపడేట్టు చెప్పడం. వినపడని చోట ఎంత అరిచినా మనలో మనం మాట్లాడుకున్నట్టే!

2017 మే 15న ప్రతిపక్షాలు, ప్రజా సంఘాలు కలిసి ధర్నా చౌక్‌కు పిలుపిచ్చాయి. అదే సమయానికి, ధర్నా చౌక్ మాకొద్దు అంటూ ప్లకార్డులు పట్టుకుని ఇంకో గుంపు వచ్చింది. రెండు వర్గాలు కొట్టుకున్నాయి, కుర్చీలు ఎగిరాయి, పోలీసులు లాఠీలు తీశారు. స్థానికులమంటూ వచ్చినవాళ్లలో మఫ్టీ పోలీసులు ఉన్నారని ఫొటోలతో సహా వార్తలొచ్చాయి. దాంతో అప్పటిదాకా నిజంగా ఇబ్బంది పడుతున్న కాలనీవాళ్ల మాటకు కూడా విలువ తగ్గిపోయింది. నాకు ఎక్కువ బాధ అనిపించేది అదే.

విషయం హైకోర్టుకు వెళ్లింది. 2018లో కోర్టు అక్కడ శాంతియుతంగా ధర్నాలు చేసుకోవడానికి తాత్కాలికంగా అనుమతి ఇచ్చింది.

సరిగ్గా ఇదే గొడవ ఢిల్లీలోనూ జరిగింది. 2017 అక్టోబర్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ శబ్ద కాలుష్యం కారణంగా జంతర్ మంతర్ దగ్గర ధర్నాలు ఆపేయమంది. 2018 జూలై 23న సుప్రీంకోర్టు, పూర్తిగా నిషేధించడం కుదరదు, ఇళ్లవాళ్ల హక్కునూ ధర్నావాళ్ల హక్కునూ కలిపి చూసి నియమాలు రాయండి అని పోలీసులకు చెప్పింది. అంతకు చాలా ముందే, 1972లో, అహ్మదాబాద్ నుంచి వచ్చిన హిమత్ లాల్ షా కేసులో, రోడ్డు మీద సభలను ప్రభుత్వం క్రమబద్ధం చేయొచ్చు గానీ మొత్తానికే లేకుండా చేయకూడదు అని ఇదే సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని రోడ్డు మనదే కదా అని నెలల తరబడి మూసేస్తామంటే కూడా ఒప్పుకోదు. 2020లో షహీన్ బాగ్ కేసులో ఆ మాట కూడా స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు కథలో మలుపు. 2021 నవంబర్ 18. ఇందిరా పార్కు దగ్గర మహా ధర్నా. వడ్లు కొనాలని కేంద్రాన్ని డిమాండ్ చేస్తూ వేదిక మీద కూర్చున్నది ఎవరో తెలుసా? ముఖ్యమంత్రి కేసీఆర్, ఆయన మంత్రులు, ఎమ్మెల్యేలు. నాలుగేళ్ల కింద ఏ ప్రభుత్వం ఆ చోటు వద్దందో, ఆ ప్రభుత్వమే వచ్చి అక్కడ కూర్చుంది. దీన్ని నేను ఎగతాళికి చెప్పడం లేదు. ఏ పార్టీ అయినా సరే, తన మాట పైవాడు వినడం లేదు అనిపించిన రోజున అందరికీ కనపడే చోటే కావాలి. ఈ రోజు కుర్చీలో ఉన్నవాడు రేపు టెంటు కింద కూర్చోవాల్సి రావచ్చు. అందుకే ఆ చోటును ఒక పార్టీ వ్యవహారంగా చూడకూడదు.

మనకు దగ్గరున్న బెంగళూరు సంగతి చూడండి. మన ఊళ్ల నుంచి ఎంతమంది అక్కడ పనిచేస్తున్నారో లెక్కలేదు. అక్కడి ఫ్రీడమ్ పార్కు ఒకప్పుడు సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీ ఉన్నది ఆ జైల్లోనే. 2008లో అది పార్కు అయింది. ఇప్పుడు సిటీలో ధర్నా అంటే అక్కడికే వెళ్లమంటున్నారు. జైలు పార్కు కావడం మంచిదే. కానీ ఊరంతటికీ ఒకే చోటు, అదీ గోడల లోపల అంటే ఆలోచించాల్సిందే. ఊరి మధ్యలో ఉండటం వల్ల మాత్రం కొంత నయం.

ఇక మన దగ్గరికి వద్దాం. విజయవాడలో అలంకార్ సెంటర్ దగ్గర ఒక ధర్నా చౌక్ ఉంది. మనకు జిల్లా పనులకు ఒకప్పుడు అనంతపురం. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కేంద్రం పుట్టపర్తి. దానికి రెండు నెలల ముందు, జిల్లా కేంద్రం హిందూపురమే కావాలని ఎమ్మెల్యే బాలకృష్ణ మౌన దీక్ష చేశారు. ఎక్కడ? ఊరి నడిబొడ్డున, అంబేడ్కర్ విగ్రహం దగ్గర. అడిగింది దొరకలేదు, అది వేరే విషయం. అడిగారు అన్న సంగతి మాత్రం రాష్ట్రమంతా చూసింది.

మీరంటారు, అన్నా, ఇప్పుడు ఫోన్ ఉంది కదా, రీల్ పెడితే చాలు, రోడ్డెందుకు అని. రీల్ ఎవరికి చూపించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. వేలుతో ఒక్కసారి పైకి తోస్తే పోతుంది. ఎండలో కూర్చున్న రెండొందల మందిని అట్లా తోసేయడం కుదరదు. పైగా ఆ రీల్ తీయడానికైనా ఎక్కడో ఒక చోట మనుషులు కూర్చోవాలి కదా!

కాబట్టి మీ ఊళ్లో ఎప్పుడైనా, ట్రాఫిక్ కోసం, శబ్దం కోసం ధర్నాలను ఊరి బయటికి పంపుతున్నాం అని ఎవరైనా అంటే, రెండు ప్రశ్నలు అడగండి. మైకు సౌండు తగ్గించి, టైం పెట్టి, అంబులెన్స్‌కు దారి వదిలితే సరిపోదా? కొత్త చోట మాట్లాడితే, వినాల్సినవాళ్లకు వినపడుతుందా? మొదటి ప్రశ్న కాలనీవాళ్ల కోసం, రెండోది మనందరి కోసం. రెండింటికీ జవాబు వచ్చేదాకా ఒప్పుకోవద్దు.

ఈసారి హైదరాబాద్ వెళ్తే ఇందిరా పార్కులో కాసేపు నడవండి. బయటికొచ్చాక ఆ గోడ పక్క రోడ్డు కూడా ఒకసారి చూడండి. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే, ఏం అడుగుతున్నారో రెండు నిమిషాలు ఆగి వినండి.