సెమాక్స్ – ఒక కృత్రిమ పెప్టైడు

పిట్యూటరీ గ్రంథి స్రవించు ఏసీటీహెచ్ అను హార్మోనునందు 39 అమైనో ఆమ్లములు గొలుసుకట్టుగా నుండుననియు, అందలి చిన్న ఖండమొకటి హార్మోను ధర్మమును కోల్పోయియు ఎలుకల అభ్యసనశక్తిని ప్రభావితము చేయుననియు డచ్చి శాస్త్రజ్ఞుడు డేవిడ్ డి వీడ్ ప్రభృతులు కనుగొనిరి. అయితే ఆ ఖండము దేహములోని ఎంజైముల వాతబడి త్వరలోనే ఛిన్నాభిన్నమగును. కావున మాస్కో పరిశోధకులు 1980వ దశకమున, ఆ హార్మోనులో 4 మొదలు 7 వరకు గల ఆమ్లములను గైకొని, తాడుకొస పురి వీడకుండ ముడివేసినట్లు, చివర ప్రోలీన్, గ్లైసిన్, ప్రోలీన్ అను మూడింటిని కూర్చి మన్నిక కల్పించిరి. ఏడు ఆమ్లముల ఆ పొట్టి గొలుసే, అనగా పెప్టైడే, సెమాక్స్.

మ్రింగినచో జీర్ణరసములు దీనిని పప్పులోని మాంసకృత్తులవలెనే అరిగించివేయును గనుక ముక్కులో చుక్కలుగా వేయుదురు. ఎలుకల మెదడులో, జ్ఞాపకమునకు ఆలవాలమగు హిప్పోకాంపస్ భాగమున, నాడీకణములను పోషించు బీడీఎన్ఎఫ్ అను ప్రోటీను దీనివలన హెచ్చినట్లు ప్రయోగములు చూపినవి. రష్యాలో, మెదడుకు రక్తప్రసారము నిలిచి కలుగు పక్షవాతమునకు వైద్యులు దీనిని వాడుచున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రము ఆమోదింపలేదు. మానవులపై జరిగిన పరిశీలనలు అధికభాగము రష్యాకే పరిమితములు, వానిలో పెక్కు కొద్దిమందిపై జరిగినవే. ఎలుక నేర్చిన పాఠమును చూచి పరీక్షార్థి నాసికలో ఈ చుక్కలు వేసికొనుట, నా దృష్టిలో, తొందరపాటే.