ఇస్త్రీ బల్లకు మెత్త

(కుట్టుపని శిక్షణ ముగించిన విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కుట్టు మిషను కోసం అప్పు చేస్తాము. ఇస్త్రీకి మాత్రం నేల మీద దుప్పటి పరుస్తాము. నేనూ ఏళ్ల తరబడి అలాగే నడుము వంచాను. ఒకసారి పెళ్లివారి ఖడా దుపట్టాను, ఆరు గజాల వస్త్రాన్ని, జరుపుకుంటూ ఇస్త్రీ చేస్తుండగా అడుగున పరచిన స్పంజి కరిగి జరీ అంచుకు అంటుకున్నది. ఆ నెల కూలి దానికే చెల్లింది. పీసుకింత అని లెక్క కట్టేవారు ఇస్త్రీ వేళను లెక్కించరు, నష్టాన్ని మాత్రం మరువరు.

కనుక బల్ల చేయించుకోండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక చాలు. ఎత్తు మోచేతికి కొంచెం దిగువన ఉండాలి. దానిపై పాత ఉన్ని కంబళిని రెండు పొరలుగా పరచండి. ఉన్ని వేడికి ఓర్చుకుంటుంది, ఆవిరిని పీల్చుకుంటుంది. పాలియెస్టర్ వద్దు, అది దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడి అతుక్కుంటుంది. మెత్త పలుచనైతే కుట్టు అంచుల అచ్చు బట్ట పైకి తేలుతుంది. మరీ మందమైతే ఇస్త్రీ పెట్టె కుంగి మడత తీరదు.

పై గుడ్డగా రంగు వేయని మందపు నూలు గుడ్డ తీసుకోండి. ముందే వేడినీట ఉతికితే గంజి పోతుంది, కుదించుకోవలసినంత కుదించుకుంటుంది. చుట్టూ నాలుగైదు అంగుళాలు మిగిల్చి కత్తిరించి, పలకను బోర్లించి, మొదట నాలుగు పక్కలా నడిమిన ఒక్కొక్క మేకు కొట్టండి. గుడ్డను లాగి పట్టుకుంటూ అక్కడి నుండి మూలలకు సాగండి. మూలతో మొదలుపెడితే నడిమిన ముడత నిలుస్తుంది. ఆ ముడతే ప్రతి బట్ట మీదా అచ్చవుతుంది.

పై గుడ్డ మాడినప్పుడు దానినొక్కదానినే మార్చండి. కంబళిని ఎండలో ఆరవేసి మళ్లీ పరచుకోవచ్చు.