వేసవి సెలవులలో కళాశాల భౌతికశాస్త్రము

నిజాంసాగర్ కట్టమీద నిలిచిన పదవ తరగతి బాలుడొకడు, "ఆనకట్ట గోడ అడుగున మందముగాను, పైన సన్నముగాను ఎందుకున్నది?" అని తండ్రిని అడిగినాడనుకొందము. నీటిలోతు ఒక మీటరు పెరిగినచో చదరపు మీటరుకు సుమారు 9,800 న్యూటనుల ఒత్తిడి పెరుగును. ఇంతవరకు బడి చెప్పగలదు. గోడపై పడు మొత్తము బలమెంత అని బాలుడు మరల అడిగినచో సమాకలనము కావలెను. అది కళాశాల చదువు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఈ కట్టడము అట్టి లెక్కలను కన్నులయెదుట నిలుపుచున్నది.

ఆ బాలునికి వేసవిలో దారి ఎక్కడ? బడిపిల్లలను సెలవులలో కళాశాల తరగతులకు చేర్చుకొను ఆచారము అమెరికాలో సామాన్యము, మనకు అరుదు. అయినను తలుపులన్నియు మూసియుండలేదు.

తొమ్మిదవ తరగతి వారికి ఇస్రో సంస్థ 2019లో "యువిక" శిబిరమును ఆరంభించినది. గ్రామీణ విద్యార్థులకు ఎంపికలో కొంత ప్రాధాన్యము కలదు. ప్రకటన వేసవికి ముందే వెలువడును. సెలవులిచ్చిన పిదప వెదకినచో ఆలస్యమగును.

ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్., స్వయం వేదికలలో ఉచితముగా లభించును. కొత్త తరగతులు ముఖ్యముగా జనవరి, జూలై నెలలలో మొదలగును. కావున మే నెలలో పాత పాఠములను ఎంచుకొనవలెను. త్రికోణమితి, బీజగణితము తెలిసి, ఇంటర్మీడియెటు పాఠ్యపుస్తకము కొంత చదివిన పిమ్మట వానిని వినుట మేలు. లేనిచో మొదటి వారమే ధైర్యము సడలును.

మూడవది మనకు సమీపముననే కలదు. ప్రధానోపాధ్యాయుని చిన్న ఉత్తరముతో బాన్సువాడ వంటి పట్టణపు డిగ్రీ కళాశాలకు పోయి, ప్రయోగశాలను కొన్ని దినములు చూడనిత్తురా అని భౌతికశాస్త్రోపన్యాసకుని అడుగవచ్చును. అనుమతించుట వారి వంతు; అడుగుట మన వంతు.

తల్లిదండ్రులకు ఒక మనవి. రుసుము చెల్లించుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు: బోధించువారెవరు? ప్రయోగములు చేయింతురా? ముందుగా ఏమి తెలిసియుండవలెను? సమాధానము స్పష్టముగా లేనిచోట సొమ్ము పెట్టకుడు. కొడుకునకు ఇచ్చిన గంట తీరికను కూతురునకును ఇండు.

ఈలోగా ఒక డబ్బాకు పైన, నడుమ, అడుగున మూడు రంధ్రములు చేసి నీరు నింపుడు. అడుగు ధార అన్నిటికంటె వేగముగా చిమ్మును. కట్టమీద అడిగిన ప్రశ్నకు మొదటి సమాధానము ఆ ధారయే.