అప్‌డేటు ఎన్నడు వేయవలెను?



మన పల్లెలలో కంప్యూటరు నేడు వింత వస్తువు కాదు. గ్రామ సచివాలయములోను, మీసేవ కేంద్రములోను, సహకార సంఘములోను దాని ముందు కూర్చుండి పనిచేయువారు కలరు. తెరపై అప్‌డేటు సిద్ధముగా నున్నదని కనబడును. ఎదుట రైతులు వరుసగా నిలిచి యుందురు. 'తరువాత' అను మీటను నొక్కుట సులభము. ఆ 'తరువాత' ఎన్నడో నేడు విచారింతము.

కంప్యూటరును నడిపించు మూల వ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టం అని పేరు. అది కోట్ల కొలది పంక్తులు గల వ్రాత. అందు లోపములు మిగులుట సహజము. అట్టి లోపము గోడలోని కన్నము వంటిది. దానిని పూడ్చుటకు తయారీదారులు పంపునదే భద్రతా అప్‌డేటు. విండోసునకు ఇవి సాధారణముగా ప్రతి నెల రెండవ మంగళవారమున వెలువడును. మనకది రాత్రి ప్రొద్దుపోయిన వేళ. ఇందొక చిక్కు కలదు. పూడ్చిన చోటును చూచి, కన్నమెక్కడ నుండెనో దొంగయు గ్రహించును. పాత ఫైలును, క్రొత్త ఫైలును ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట వానికి తెలిసిన విద్యయే. కావున అప్‌డేటు వెలువడిన నాటినుండి, దానిని వేయని కంప్యూటరునకు అపాయము పెరుగును.

2017 మార్చి 14న మైక్రోసాఫ్టువారు అట్టి అప్‌డేటు నొకదానిని విడుదల చేసిరి. మే 12న 'వానాక్రై' అను దుష్ట ప్రోగ్రాము ఆ కన్నము గుండనే చొచ్చి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్ము అడిగినది. నడుమ 59 దినముల వ్యవధి యుండెను! ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు రోగులను వేరొకచోటికి పంపవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడినవి. సహకార సంఘములో రైతుల అప్పుల ఖాతాలకు అట్టి తాళము పడినచో, ఎవరు ఎంత చెల్లించిరో చెప్పువారెవరు?

అట్లని వచ్చిన ప్రతిదానిని తత్‌క్షణమే వేయుడని చెప్పజాలము. 2018 అక్టోబరులో విండోసు 10కు వచ్చిన పెద్ద అప్‌డేటు కొందరి సొంత ఫైళ్లను తుడిచివేసినది. దానిని నిలిపివేసి, సరిచేసి, నవంబరులో మరల విడుదల చేసిరి. క్రొత్త హంగులు తెచ్చు ఇట్టి అప్‌డేటును కొన్ని వారము లాపినను నష్టము లేదు. భద్రతా అప్‌డేటు సంగతి వేరు. కార్యాలయములో అయిదారు కంప్యూటర్లున్నచో ముందొకదానిలో వేసి, ప్రింటరును, వేలిముద్ర యంత్రమును సరిగా పనిచేయుచున్నవో లేదో రెండు మూడు దినములు చూచి, వారములోపుగా మిగిలినవానిలో వేయుట మేలని మా అభిప్రాయము. ఆ కన్నము గుండ దొంగలు అప్పటికే చొరబడుచున్నారని తయారీదారులు గాని, కేంద్ర ప్రభుత్వమువారి సెర్ట్-ఇన్ సంస్థ గాని హెచ్చరించినచో, ఆ సాయంత్రమే వేయవలెను.

ధాన్యము కొనుగోలు సాగు మధ్యాహ్నము దీనికి తగిన వేళ కాదు. పని ముగిసిన పిదప, కరెంటు పోదను నమ్మకమున్నప్పుడు మొదలిడవలెను. నడుమ కరెంటు పోయినచో యంత్రము మరల లేవకపోవచ్చును. ముందుగా ఖాతాల ఫైళ్లకు నకలు తీసి, ఆ డిస్కును ఊడదీసి బీరువాలో నుంచవలెను. తగిలించియే యుంచినచో వానాక్రై వంటిది దానికిని తాళము వేయగలదు.

విండోసు 10కు సాధారణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగినవి. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మాత్రమే ఆ తేదీ తరువాత గడువు లభించినది. మీ సంఘములోని కంప్యూటరు ఏ విండోసుతో నడచుచున్నదో నేడే చూడుడు. అది 10 అయి, నమోదు లేనిదైనచో, 11కు మార్చుటయో, ఇంటర్నెట్టు నుండి విడదీయుటయో వచ్చే పాలకవర్గ సమావేశములోనే నిర్ణయింపవలసి యున్నది.